టీచరమ్మ గీసిన పాట

"అప్పా, మీ టీచరమ్మ పోయినాది. ఇంగ తొందరేమీ లేదు, నిదానంగా రా" అని అయ్యగారు ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో ఒక పాత కీబోర్డు విప్పి, బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాను. అయ్యగారంటే టీచరమ్మ భర్త. బంగారు గనుల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, గనులు మూతపడిన ఏడాదే ఇంటికి చేరినవారు. ఆయన ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడరు. ఆ ఉదయమూ పెంచలేదు. ఊడదీసిన మీటలన్నీ బల్ల మీదే వదిలి వారుండే గనిపేట చాంపియన్ రీఫ్స్ వైపు నడిచాను. మూతపడిన గని షాఫ్టు మీది ఇనుప చట్రం పొగమంచులో సగమే కనిపించింది. మిగతా సగాన్ని ఎవరో ఇంకా గీయవలసి ఉన్నట్టుగా ఉంది.

ఆమె నాకు బంధువు కారు. గని కార్మికుల పిల్లలు చదివే బడిలో సంగీతం నేర్పేవారు. గనులు ఆగిన తరువాత లైన్లనే ఆ కార్మికుల ఇళ్ళ వరుసల్లోని కుటుంబాలు ఒక్కొక్కటిగా బెంగళూరుకు తరలిపోయాయి. బడి పలచబడింది, సంగీతం పీరియడ్ పోయింది. శిష్యులు మాత్రం ఆమెను వదలలేదు. "పాఠం పంపండమ్మా" అని వారు అడగబట్టే, యాభై దాటిన వయసులో ఆమె ఇంటికి కంప్యూటర్ వచ్చింది. తంబుర శ్రుతి, తాళం, తన గొంతు ఒకదాని కింద ఒకటి పేర్చి, సీడీలోకి ఎక్కించి, పొద్దున బెంగళూరు రైలుకు వెళ్ళేవారి చేతికి ఇచ్చి పంపేవారు.

ఆ కంప్యూటర్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేయడానికి వెళ్ళినవాడిని నేను. పగలు దుకాణంలో పనిచేస్తూ, రాత్రి కళాశాలలో చదివి పట్టా సంపాదించుకున్న కొత్త. ఆ సంగతి గుమ్మంలోనే మనవి చేసుకున్నాను.

"సర్టిఫికెట్ ఉండాది, సరే. చెవి ఉండాదా?" అన్నారామె.

"రెండుండాయి, నేను చూసినాను. ఆయప్పని లోపలికి రానియ్యి" అని అయ్యగారి మాట లోపలి గదిలోంచి వినిపించింది.

ఆ సాఫ్ట్‌వేర్ అప్పటికే స్టూడియోలలో ఎన్నో ఏళ్ళు నలిగినది. దాని గుణదోషాలు చెప్పకుండా నేను ఆమె గురించి చెప్పలేను. ఒకసారి వేళ్ళకు అలవడిన మీటలు ఎన్ని వెర్షన్లు వచ్చినా మారలేదు. పాటను ముక్కలుగా కోసినా, అతికినా, అసలు రికార్డింగు డిస్కులో చెక్కుచెదరకుండా ఉండేది. మొదటి ఏడాది పాఠాన్ని ఎన్నో ఏళ్ళ తరువాత తెరిచినా అదే శ్రుతిలో పలికింది. ఇక కష్టాలంటారా, తెరవగానే ప్రతిసారీ నాలుగు అక్షరాల తాళపు లెక్కే పరిచేది. ఐదక్షరాల ఖండచాపు కావాలంటే మళ్ళీ మళ్ళీ బతిమాలుకోవాలి. తెలుగులో పేరు పెడితే వట్టి గళ్ళు చూపించేది. అది నడవడానికి కంప్యూటర్‌కు గుచ్చవలసిన బొటనవేలంత పరికరం ఒకసారి కనబడకుండా పోయి, రెండు రోజుల తరువాత రాగిపిండి డబ్బాలో దొరికింది. నేను ఆ మెనూల చిక్కును విసుక్కుంటే ఆమె ఒకటే చెప్పేవారు: "ఇది శానా ఏండ్ల ఇల్లప్పా. ప్రతి కొడుకూ ఒక రూము కట్టినాడు, ఎవురూ ఒక గోడ తియ్యలేదు. దోవ తెలిసినోళ్ళకి సల్లగా ఉంటాది."

ఆమె ఫైళ్ళకు రాగం పేరు పెట్టేవారు కారు. ఆనాటి సంగతి పేరుగా పెట్టి, ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసేవారు. 'వాన పడిన దినం', 'పాలాయప్ప రాని దినం', 'అయ్యగారు అలిగిన దినం'. ఆ చివరి పేరుతో మాత్రం పదకొండు ఫైళ్ళు ఉన్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్‌తో అన్నిటికంటె పెద్ద కష్టం మరొకటి ఉంది. దానికి స్వరమంటే మెట్టు. మన పాటలో స్వరం మెట్టు మీద కదలకుండా నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి తిరిగి వస్తుంది. ఆ తేడా నాకు పుస్తకంలో తెలుసు. తెలిసీ చేసిన పొరపాటును ఇక్కడ రాయక తప్పదు.

రెండేళ్ళ క్రితం ఆమె గొంతులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ తరువాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమన్నారు. బెంగళూరు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం ఆమె ఫ్యాను ఆపి, గాజులు తీసి పక్కన పెట్టి, మైకు ముందు కూర్చుని ఒక పాట మొత్తం ఒక్కసారి పాడారు. ఆమె పుట్టిల్లు సుగటూరు. అక్కడ పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు పొర విడిచే ఆఖరి నిద్ర లేచి తెగ తినే రోజుల్లో, ఆమె అమ్మగారు మల్బరీ ఆకు పరుస్తూ పాడిన పాట అది. గదినిండా సన్నని వాన పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు ఉండేదట, ఆ చప్పుడుకు పైన తేలుతూ ఈ పాట. ఎనిమిది పంక్తులు. ఎక్కడా రాసి లేదు.

ఆమె ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలలో, తిరిగి వచ్చేసరికి ఆ పాటను సిద్ధం చేసి చూపాలని నేను పూనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి సరిచేసే సాధనం ఉంది. దాన్ని నిండుగా తిప్పాను. ప్రతి స్వరమూ మెట్టు మీదకు వచ్చి నిలబడింది. అలాగే శాశ్వతంగా ఖాయం చేశాను. దాంతో ఆమె పాడిన అసలు రికార్డింగు వాడకంలో లేనివాటిలో చేరిపోయింది. డిస్కు నిండిపోయిందని, వాడకంలో లేని రికార్డింగులు తుడిచివేసే ఆజ్ఞ ఇచ్చాను. వెనక్కి తెచ్చుకునే వీలు లేదని అది చిన్న అక్షరాలలో చెప్పింది. చదివాను. చదివే నొక్కాను. నేను ఆదివారాలు తీసి పెట్టే నకలులో ఈ పాట లేదు. ఆమె పాడినది బుధవారం, నేను తుడిచినది ఆ శనివారం.

ఆమె గుసగుస మాత్రమే మిగిలిన గొంతుతో తిరిగి వచ్చారు. హెడ్‌ఫోన్ పెట్టుకొని చివరిదాకా విన్నారు.

"ఎవురు పాడినారప్పా ఇది?"

"మీరేనమ్మా."

"నేను ఇంత ఇస్త్రీగా యాడ పాడినాను? అసలుది పెట్టు."

చెప్పవలసినది చెప్పాను. అయ్యగారు మజ్జిగ తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చి, తానూ ఒక గ్లాసు పట్టుకున్నారు. ముగ్గురమూ కిటికీ వైపు చూస్తూ తాగాము.

మరునాడు ఆమే పిలిపించారు. "రా, కూర్చో. తీసేసిన వంకరలన్నీ మళ్ళా పెడదాం."

గొంతు ఇక రాదు. ఆ ఎనిమిది పంక్తులలోనైనా దాన్ని నిలపాలి, అదీ ఆమె చేయి ఆడుతున్నంతలోనే. ఏడాదికి పైగా, ఒంట్లో బాగున్న ప్రతి మధ్యాహ్నమూ కూర్చున్నాము. ఆమె కళ్ళు మూసుకుంటారు. పాట ఎక్కడినుంచో వస్తున్నట్టు ఎడమచేయి గాలిలోకి లేస్తుంది, ఊగుతుంది, వాలుతుంది. అప్పుడు కళ్ళు తెరిచి, మౌస్ పట్టుకొని తెర మీద స్వరాన్ని చూపే చదునైన గీతను కొద్దికొద్దిగా వంచుతారు. కొన్ని రోజులు ఒక్క అక్షరం దగ్గరే సాయంత్రమయ్యేది. "ఈడ పురుగు తల ఎత్తి చూసినట్టు ఎత్తల్ల. ఎత్తినాక ఆకు యాడుండాదో తెలిసినట్టు దించల్ల" అనేవారు. వింటూ వింటూ ఉంటే నాకు కిటికీ బయటి లైన్లు, ఖాళీ క్వార్టర్లు, తెల్లటి గనిమట్టి దిబ్బలు అన్నీ ఆ గీతలాగే మెల్లగా ఊగుతున్నట్టు అనిపించేది.

నడిమధ్యలో ఆ సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడు బిగుసుకుపోయి, అరగంట పనిని మింగేసేది. నేను పళ్ళు కొరికేవాడిని. "దానికీ నిద్ర వచ్చిందప్పా, లేపు" అనేవారు ఆమె.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "నన్ను క్షమించినారా అమ్మా?"

"వెనక్కి పోయే మీట దానికుండాది, నాకు లేదు. ముందరికి జరుపు" అన్నారు, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

ఏడు పంక్తులు అయ్యాయి. అప్పటికి ఆమె కుర్చీలో కూర్చోలేని స్థితికి వచ్చారు. మంచం మీదినుంచే, "కడాది నువ్వు గీయి" అన్నారు.

"నాకు పాట రాదమ్మా."

"పాడమని యాడ చెప్పినాను? నా చెయ్యి చూస్తానే ఉంటివి గదా ఇన్నాళ్ళూ."

నేను గీయలేదు. రేపు ఆమెకు కాస్త నెమ్మదిస్తుంది, ఆమే గీస్తారు అని వారం పొడిగించాను. ఆ వారంలోనే అయ్యగారి ఫోను వచ్చింది.

కర్మలు జరిగిన రోజుల్లో, ఇంట్లో బంధువులు మాట్లాడుకుంటూ ఉండగా, నేను కంప్యూటర్ ఉన్న మూల కూర్చుని ఎనిమిదో పంక్తి గీశాను. మౌస్ ముట్టే ముందు ఎడమచేయి గాలిలోకి ఎత్తి చూశాను. మొదట సిగ్గుపడ్డాను. తరువాత సిగ్గు గుర్తు లేదు. గీసినది సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగినవారు ఇంట్లో ఎవ్వరూ లేరు.

చివరి రోజున సుగటూరు నుంచి ఆమె అక్కగారు వచ్చారు. ఇప్పటికీ పురుగులు పెంచుతున్న పెద్దావిడ. అదే అమ్మగారి దగ్గర అదే పాట విన్నవారు. భోజనాలయ్యాక అయ్యగారు నన్ను పిలిచి, "వినిపించు" అన్నారు. నేను తల ఎత్తకుండా మీట నొక్కాను. ఏడు పంక్తులూ అక్కగారి పెదవులు పాటతో కలిసి కదిలాయి. ఎనిమిదో పంక్తిలో ఆగాయి.

"ఈడ మా చెల్లి పాడినట్టు లేదే" అన్నారు. నేను నా తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, మరికొంచెం చెవి ఒగ్గి విన్నారు. "అయినా ఆయమ్మ ఎప్పుడు ఒకే మాదిరిగా పాడినాది? దినానికొక వంకర పెడతా ఉండె. ఉండనీలే, ఇదీ ఒక దినం."

పాట అయిపోయింది. తెర మీద పాటతో పాటు నడిచే నిలువు గీత మాత్రం ఆగలేదు. ఏమీ లేని గళ్ళ మీదుగా కుడివైపుకు మెల్లగా సాగిపోతూ ఉంది. ఆపే మీట నా వేలి కిందనే ఉంది. అయ్యగారు నా మణికట్టు మీద చేయి వేశారు. ఆ గీత అలా వెళ్తూనే ఉంది.