అటకెక్కిన పత్రిక

నోహెమ్ జవెల్స్కీ మాట్లాడే ముందు గడ్డం నిమురుకునేవాడు. గడ్డం లేదు. మతాన్ని వదిలిన రోజే గీయించేశాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

విల్నాలో, రష్యా జారు మీద 1905లో లేచిన విప్లవం ఓడిన మరుసటి ఏడు, ఆయన యూదుల యిడ్డిష్ భాషలో వచ్చే మా వారపత్రికకు సంపాదకుడు. పోలీసులు ‘కొలిమి’ని మూస్తే ‘సమ్మెట’ అని వచ్చేది, ‘సమ్మెట’ను మూస్తే ‘కొడవలి’. పేరు మారేది, సంపాదకీయం మారేది కాదు. తోళ్ల కార్మికులు దాన్ని శుక్రవారం సాయంత్రం, యూదుల విశ్రాంతి దినానికి ఇంట్లో దీపాలు పెట్టాక చదివేవారు. దేవుడు లేడని చదవడానికి ఆ దేవుడి పేర వెలిగించిన కొవ్వొత్తులే కావలసి వచ్చేవి.

ఆ చలికాలమంతా నోహెమ్ ఒకే వ్యాసం చెక్కాడు: మూఢాచారాల మీద. అది అచ్చయిన మధ్యాహ్నమే వీధి మొదట్లో పోలీసులు కనిపించారు. దొరికితే తగలబెడతారు. మళ్లీ అచ్చేయడానికి కాగితం లేదు. నోహెమ్ మూటలు మోయించుకుని పక్కనున్న యూదుల ప్రార్థనా మందిరానికి, సినగాగుకు, పరుగెత్తాడు. అక్కడి బాగోగులు చూసే ముసలి గెట్సెల్ చిరిగిన ప్రార్థన పుస్తకాలను అటక మీద దాచేవాడు. ఆ హీబ్రూ అక్షరాలు పవిత్రం, కాల్చకూడదు, పారేయకూడదు. మా పత్రికదీ ఆ లిపే.

“అయ్యా, కాల్చేస్తారు. మీ అక్షరాలే ఇవి.”

“లోపల ఏం రాశావు బాబూ?”

నోహెమ్ గడ్డం నిమురుకున్నాడు. “మీ గురించే.”

“సరే, పైకెక్కించు.”

పోలీసులు ఖాళీ అచ్చు గది వెతికి, మా టీ తాగి పోయారు. నోహెమ్ తిరిగి సినగాగుకు వెళ్లాడు. అచ్చు కూర్చే మోట్కె వెంట ఉన్నాడు.

“గెట్సెల్ గారూ, మూటలు దించండి. కార్మికులు ఎదురుచూస్తుంటారు.”

“దించుతాం. రేపు.”

“ఇప్పుడే కావాలి.”

“అటకెక్కింది శ్మశానానికే దిగుతుంది నాయనా. రేపు పొద్దున పాత పుస్తకాలను పూడుస్తున్నాం. బండి కూడా మాట్లాడాను.”

“అది పత్రికయ్యా! చచ్చిన పుస్తకం కాదు!”

“బతికున్నవాణ్ని ఎవడైనా ఇక్కడికి మోసుకొస్తాడా?”

“ఇదంతా మూఢాచారం!”

“నీ కాగితాన్ని కాపాడింది అదే. నచ్చకపోతే ఇన్‌స్పెక్టరు దగ్గరికెళ్లి చెప్పుకో.”

మోట్కె నవ్వాపుకోలేకపోయాడు. “ఇంకో పేరు వెతుకు కామ్రేడ్. ఈసారి ‘గునపం’ అని పెడదాం.”

మరునాడు పొద్దున ఊరంతా బండి వెనక కదిలింది. మా పత్రిక వెంట అంతమంది ఎన్నడూ నడవలేదు. నోహెమ్ కూడా, ఆచారం ప్రకారం తల కప్పుతూ, టోపీ పెట్టుకుని వచ్చాడు. తన పత్రిక మూటలను ఎవరినీ ముట్టనివ్వక, గుంట దాకా తనే మోశాడు. గెట్సెల్ చేతిలోని పార అడిగి తీసుకుని, మొదటి మట్టి తనే వేశాడు.