గూట్లో పెట్టని మూడో భాగం

మూట విప్పగానే రెండు పలక ముక్కలు కనిపించాయి. ఒకటే ఉండాలి.

తొమ్మిదేళ్లుగా నేను మోస్తున్నది ఆ రెండో ముక్కనే. అరచేతిలో ఇమిడేంత నల్లరాయి. దాన్ని చూసిన క్షణంలోనే నాకేదో ప్రమాదం వస్తోందని తెలిసిపోయింది. ప్రాణానికి కాదు, సంసారానికి కాదు. నా చోటుకి. ఆ ప్రమాదాన్ని తప్పించుకోవడానికి నేను ఏం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా భర్తకి కూడా. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. పిల్లలు నిద్రపోయారు. చిన్నవాడు దగ్గినప్పుడల్లా కలం ఆపి వింటున్నాను. ఈ కాగితం వాడు లేచి ఏమిటని అడిగేలోపు ముగించాలి.

ముందు పలక ముక్క సంగతి చెప్పాలి.

అప్పుడు మేము మార్కాపురంలో ఉండేవాళ్లం. ఆ ఊరి చుట్టూ పలకరాయి గనులు. పగిలిన ముక్కలు వీధిలో చెప్పులకు తగులుతుండేవి. చెన్నపట్నంలో రెండేళ్లు కాలేజీలో చదివి, తాలూకా కచేరీ గుమాస్తా భార్యనై ఆ ఊరికి వచ్చాను. నాకు వంట సరిగా రాదు. జొన్నరొట్టె తట్టడం అసలే రాదు. ఎదురింటి కాశమ్మత్త నా చారుకి 'కాలేజీ చారు' అని పేరు పెట్టింది. ఆమెకు చెలకలు, ఎడ్లు, పెద్ద అరుగు ఉన్నాయి. అక్షరం ముక్క రాదు. కోడలు నాగమ్మ చేత చదివించుకుని వినేది. "నాకు అచ్చరాలు రావు గానీ, కత మంచిదో కాదో వాసన జూసి చెప్తా," అనేది.

ఆ ఇంట్లో నాకు గౌరవం దొరికింది ఒక్క విషయంలోనే. ఏ పుస్తకం బాగుంటుందో చెప్పడంలో. మాయలు, మాంత్రికులు, నీళ్ల కింద పట్టణాలు ఉన్న నవలలంటే మాకందరికీ పిచ్చి. నేను పేరు చెబితే నాగమ్మ భర్త చెన్నపట్నం నుంచి పోస్టులో తెప్పించేవాడు. పుస్తకం పాతచీర ముక్కలో మూటకట్టి, వేపాకు వేసి, ఒకరి తరువాత ఒకరం చదివేవాళ్లం. చదివినవాళ్లు తరువాతి మనిషి కోసం ఒక పలక ముక్క మీద బలపంతో ఒక మాట రాసి పుస్తకంలో పెట్టాలి. ఎక్కడ ఆగి చదవాలో, దేన్ని గమనించాలో. ఆ మనిషి చదవడం అయ్యాక తడిగుడ్డతో తుడిచి తన మాట రాస్తుంది. ఈ ఏర్పాటు నేనే పెట్టాను. నా మాట కోసం నాగమ్మ ఎదురుచూసేది. అది చూసి నాకు గర్వంగా ఉండేది. నాకు ఉన్నది అంతే కదా.

రూతమ్మను తెచ్చింది కూడా నేనే.

ఆమె క్రైస్తవుల బడిలో టీచరు. పొదిలి వైపు పల్లె నుంచి వచ్చింది. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. బడి కిటికీ దగ్గర కూచుని నవల చదువుతుంటే చూసి పలకరించాను. నన్ను అక్కా అని పిలవమన్నాను. మా చదువు వరసలో ఆమెను చేర్చుకుందామంటే కాశమ్మత్త తల అడ్డంగా ఊపింది. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. కాశమ్మత్త వాళ్ల వీధి వాకిలి పక్కన గోడలో దీపం పెట్టే గూడు ఉంది. పుస్తకం అందులో పెడదాం, ఆమె వచ్చి తీసుకుంటుంది, చదివి మళ్లీ అందులోనే పెడుతుంది. చేతికీ చేతికీ తగలక్కరలేదు. అత్త ఒప్పుకుంది. ఎంత పెద్దమనసు నాది అనుకున్నాను ఆ రోజు. మా ముగ్గురిలో పుస్తకం చేతికి చేయి అందేది. రూతమ్మకి మాత్రం గూట్లో నుంచి. దీన్ని గుర్తుంచుకోండి. నేను చేసిన పని ఆ గూడు లేకపోతే చేయగలిగేదాన్ని కాదు.

అప్పుడొచ్చింది ఆ మూడు భాగాల నవల. పేరు రాయను. పొగమంచు వెనక ఒక పట్టణం. అక్కడికి చేరినవాళ్లకు వయసు రాదు. తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక రాజకుమారుడు బయలుదేరతాడు. దారిలో నది. నది దాటించే ఒక ముసలమ్మ. మొదటి భాగం చదివి నేను పలక మీద రాజకుమారుడి కత్తి గురించి, పట్టణం వాకిట్లో వెలిగే వెయ్యి దీపాల గురించి రాశాను. అందంగా రాశాననే అనుకున్నాను.

ఆ భాగం అందరి చేతుల్లో తిరిగి నా దగ్గరికి వచ్చినప్పుడే మూటలో రెండు ముక్కలు. ఒకటి మామూలుది, తుడిచి ఉంది. రెండోదాని మీద అక్షరాలు బలపంతో రాసినవి కావు. మేకుతో గీసినవి. ఇక తుడవడానికి వీలులేకుండా.

'పడవ ముసలమ్మను చూస్తూ ఉండండి. అందరినీ దాటిస్తుంది. తాను ఏ గట్టునా దిగదు.'

రూతమ్మ మాట అది. గీసింది నాగమ్మ. "చెరపబుద్ధి కాలేదక్కా," అంది. నా మాటలు ఎన్నిటిని చెరిపిందో ఆమె. ఒక్కసారైనా అలా అనిపించలేదు కాబోలు.

నేను పుస్తకం మళ్లీ తెరిచాను. ఆ ముసలమ్మ నిజంగానే ప్రతి ప్రకరణంలోనూ ఉంది. ఒక్కచోట కూడా గట్టున దిగదు. నేను రెండుసార్లు చదివి కూడా ఆమెను చూడలేదు. కాలేజీలో చదివిన నేను. ఆ వాక్యం రాసిన మనిషిని మేము అరుగు ఎక్కనివ్వలేదు, ఆమె చూసింది. అప్పుడు నాకు కలిగింది మెచ్చుకోలు కాదు. మంట. రెండో భాగం వచ్చేసరికి కాశమ్మత్త, "టీచరమ్మ ఏం రాసిందే?" అని ముందు అడగడం మొదలుపెట్టింది. నా పలక ముక్కను చీరతో తుడిచి పక్కన పెట్టేది. ముసలమ్మ చివరికి ఏమవుతుందని వాళ్లు ముగ్గురూ వాదించుకునేవాళ్లు. అరుగు మీద ఇద్దరు, కింద నిలబడి ఒకరు. నేను ఇంట్లోంచి వినేదాన్ని. నన్ను పిలవలేదని కాదు. పిలిచారు. నేనే పోలేదు. అసూయకి పిలుపు వినపడదు.

మూడో భాగం వచ్చింది. నాగమ్మ చదివి అత్తకు వినిపించాక నా చేతికి ఇచ్చింది. నా తరువాత రూతమ్మ. నేను చదివేశాను. సోమవారం గూట్లో పెట్టాలి. మూట పట్టుకుని వీధి దాటాను కూడా. గూడు దగ్గర నిలబడ్డాను. ఈ చివరి భాగం చదివి ఆమె ఏం రాస్తుందో అనుకున్నాను. నేను వంద సార్లు చదివినా రాయలేనిది ఏదో రాస్తుంది, దాన్నీ మేకుతో గీస్తారు. వెనక్కి వచ్చి మూటను, అందులోని గీసిన ముక్కతో సహా, పెట్టెలో పెళ్లిచీర కింద పెట్టాను. రెండు రోజులే అనుకున్నాను. కాస్త ఆలస్యంగా అందితే ఏం పోయింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఇప్పుడు రాస్తూ నాకు నేను చెప్పుకుంటున్నానా? తెలియదు.

గురువారం మధ్యాహ్నం కాశమ్మత్త పిలిపించింది. అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. రూతమ్మ కింద నిలబడి ఉంది.

"ఏంది కోడలా, మూడో బాగం యాడికి పోయింది?" అంది అత్త నాతో. "టీచరమ్మకు అందలేదంట."

"సోమవారమే గూట్లో పెట్టినాను కదత్తా," అన్నాను. నోరు దానంతట అదే అంది.

"నేను సోమవారం చీకటిపడేదాకా చూసినానమ్మా," అంది రూతమ్మ. "మంగళవారం పొద్దున్నే గూడా వచ్చినాను. వేపాకు గూడా లేదు."

నాగమ్మ నవ్వింది. "మన పిల్లి ఎత్తుకపోయిందేమో. దానికి గూడా కతల పిచ్చి పట్టినట్టుంది."

"పిల్లికి పొత్తమెందుకే, ఎలక కావాల గానీ," అంది అత్త. నవ్వలేదు. "గూడు ఈదిలో ఉంది గానీ, టీచరమ్మకని పెట్టింది మనోళ్లెవురూ తియ్యరు. తీసేది ఒక్కతే. టీచరమ్మా, ఇంకోసారి మీ ఇంట్లో ఎదుక్కో."

"ఇంట్లో ఎదికేదానికి ఏముందమ్మా? ఒక పెట్టె, ఒక చాప." అప్పుడు నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు గూట్లోనే పెట్టినావా? బాగా గుర్తు చేసుకో."

ఆ గొంతులో నింద లేదు. ఆలోచించుకోవడానికి నాకు చోటిస్తోంది. ఆమెకు తెలుసా? తెలిసే నన్ను కాపాడాలని చూసిందా? ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు వేసుకున్న ప్రశ్న ఇదే. మరిచిపోయాను, ఇంట్లోనే ఉన్నట్టుంది, చూసి తెస్తాను, అంటే చాలు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కాలేజీ చారు లాగే కాలేజీ మతిమరుపు అని నవ్వేవాళ్లు.

"పెట్టినాను," అన్నాను.

అత్త ఒక మిరపకాయ తొడిమ తీసి, ఇంకొకటి తీసింది. "సరే. ఇంక గూట్లో పొత్తాలొద్దు," అంది. ఆ సాయంత్రం నుంచి ఆ గూట్లో మళ్లీ దీపం పెట్టారు.

నేను ఆమెను దొంగ అనలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. కానీ మాట బయటికి వెళ్లడానికి అనవలసిన పనిలేదు. కాశమ్మత్త ఇంట్లో పుస్తకం పోయిందట, టీచరమ్మకే తెలుసట అని నీళ్ల దగ్గర అనుకున్నారు. కాపుల పిల్లలు ఇద్దరు ఆ బడి మానేశారు. బడివాళ్లు ఆమెను దర్శి దగ్గర ఏదో పల్లెకు మార్చారు. వెళ్లే ముందు మా వాకిట్లోకి వచ్చింది. నేను విడిగా ఇచ్చిన పుస్తకమొకటి ఆమె దగ్గరుంది.

"నీ పుస్తకం అక్కా. పేజీలన్నీ ఉన్నాయేమో చూసుకో," అంది.

గడప మీద పెట్టి వెళ్లింది. చేతికి ఇవ్వలేదు. నేర్పింది నేనే కదా.

ఆ తరువాత నేను చెప్పిన పుస్తకాలు మళ్లీ వాళ్లు చదివారు. నా పలక ముక్కకి మళ్లీ విలువ వచ్చింది. కావలసింది దొరికింది. కానీ ముసలమ్మ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏ పుస్తకం గురించీ ఎవరూ అరుగు మీద వాదించుకోలేదు. ఏడాదికే ఆ వరస ఆగిపోయింది. మా వారికి గిద్దలూరు బదిలీ అయింది. పెట్టె మాతో వచ్చింది.

ఆ మూటను ఎన్నిసార్లో పంపించేద్దామనుకున్నాను. దర్శి నుంచి ఎవరైనా వస్తే ఆ బడి ఏ ఊళ్లో ఉందని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. తల్లినయ్యాక భయం ఇంకా పెరిగింది. పిల్లలకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఇది దానికి శిక్షేనేమో అనుకున్నాను. పూజలు చేశాను, ఆమెకు ఉత్తరం మాత్రం రాయలేదు. దేవుడికి చెప్పుకోవడం తేలిక.

ఈ సాయంత్రం, వాన తేమకి పెట్టెలోని బట్టలు ఆరబెడుతుంటే నా కూతురు సరోజ ఆ మూట తీసింది. ఎనిమిదేళ్లది, కూడబలుక్కుని చదువుతుంది. పలక ముక్క మీద వేలు పెట్టి గీతల వెంట జరుపుతూ చదివింది. రెండోసారి చదివింది. ముఖం వెలిగింది.

"అమ్మా, ఇది నువ్వే రాసినావా?"

ఊ, అన్నాను.

చూశారా? తొమ్మిదేళ్ల తరువాత, నన్ను ఎవరూ ఏమీ చేయలేని నా ఇంట్లో, నా బిడ్డతో. మొదటిసారి పుస్తకం తీసుకున్నాను. ఈసారి ఆ వాక్యం కూడా తీసుకున్నాను. సరోజ పరిగెత్తి తమ్ముడికి చెప్పింది, ఇది అమ్మ రాసింది అని. నాయన వచ్చాక చూపించాలని కిటికీలో పెట్టింది. నేనే తీసి దాచాను. అన్నం సయించలేదు. అందుకే ఈ రాత.

ముసలమ్మ చివరికి ఏమైందో మీకు తెలుసుకోవాలని ఉండవచ్చు. చెప్పను. రూతమ్మ కంటే ముందు మీకు చెప్పే హక్కు నాకు లేదు.

ఈ కింది నాలుగు మాటలు తెల్లవారాక రాస్తున్నాను.

సద్దన్నం పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూచోబెట్టుకున్నాను. పలక ముక్క వాళ్ల మధ్య పెట్టాను. నిన్న నేను అబద్ధం చెప్పినాను, ఇది నేను రాయలేదు, రూతమ్మ అని ఒక టీచరమ్మ రాసింది, అన్నాను. ఈ పుస్తకం ఆమెకు ఇవ్వవలసింది, ఇవ్వకుండా దాచినాను, ఇచ్చినానని చెప్పినాను, అందరూ ఆమెనే అనుమానించినారు, అన్నాను. ఎందుకు దాచినావని చిన్నవాడు అడిగాడు. ఆమె నాకంటే బాగా చదివేది, అందుకు, అన్నాను. వాడికి అది కారణంలా అనిపించలేదు. తినడం మొదలుపెట్టాడు.

సరోజ తినలేదు. ముక్కను తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది. నా ముఖంలోకి చూడలేదు.

"మరి ఆ పడవ ముసలమ్మ ఏమైందో ఆమెకు తెలుసా?" అంది.

"తెలీదు," అన్నాను. "నా వల్లనే తెలీదు."