చిన్నమ్మ చక్కెర జబ్బు, మా నాన్న నోటుబుక్కు

మా నాన్న హైస్కూల్లో సైన్సు టీచరు. బడిలో పిల్లలు వినకపోయినా ఆయనకు చింత లేదు. వినడానికి ఇంట్లో చిన్నమ్మ ఉండేది. ఆమె మా అమ్మకు చెల్లెలు, ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. ఇరవై దాటగానే చక్కెర జబ్బు పట్టుకుంది. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "నాకొకటి ఉన్నది గద, సచ్చేదాంక ఇడిసిపెట్టదు" అనేది.

నేరేడ్‌మెట్ దారిలో ఉన్న మా ఇంట్లో అన్నాలు పెట్టుకోగానే నాన్న పాఠం షురూ చేసేవాడు.

"నెత్తురు నిండ చక్కెరున్నా కణం తలుపు తీయదు. ఇన్సులిన్ వస్తేనే తీస్తది. లోపలికి పోయిన చక్కెరను ఒక్కసారే కాల్చదు, మెట్టు మెట్టుగ విరగ్గొడ్తది. కావల్సినంత శక్తి కూడంగనే పని తగ్గిస్తది. కణానికి సుత ఎంత బుద్ధున్నదో చూడు."

చివరి మాట చిన్నమ్మ పళ్ళెం వైపు చూస్తూ అనేవాడు. ఆ పని ఎక్కడ, ఎలా తగ్గుతుందో మాత్రం ఆయనకు తెలియదు. చాలా ఏళ్ళ తరవాత అదే పాఠం నేను కాలేజీలో చెప్పాను. తయారైన శక్తే పోయి, చక్కెరను విరిచే ఒక ఎంజైమును పట్టుకుని చాలంటుంది. శక్తి ఖర్చయితే వదిలేస్తుంది, పని మళ్ళీ సాగుతుంది. మా నాన్న మాటలకు అలాంటి ఏర్పాటేదీ ఉండేది కాదు.

1948లో హైదరాబాదు సర్కారుకూ ఢిల్లీ సర్కారుకూ మాట కుదరలేదు. పెద్దవాళ్ళకు మాట కుదరనందుకు సరిహద్దులో సరుకులు ఆగి, మా ఇంటికి ఇన్సులిన్ రావడం తగ్గిపోయింది. చిన్నమ్మ చాటుగా తినే జిలేబీలకు మాత్రం ఏ సరిహద్దూ అడ్డం రాలేదు.

ఉన్న మందును పొదుపుగా వాడడానికి నాన్న శాస్త్రీయమైన పద్ధతి కనిపెట్టాడు. రోజూ పొద్దున్నే చిన్నమ్మ మూత్రం నాలుగు చుక్కలు గాజు గొట్టంలోని నీలం మందులో వేసి స్పిరిట్ దీపం మీద కాచేవాడు. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఎక్కువైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఏ రంగు వచ్చిందో నోటుబుక్కులో రాసుకుని, దాన్నిబట్టి సూది మందు కొలిచేవాడు. వారం రోజులు ఇటుక రంగే వచ్చింది. వారం రోజులూ పాఠమే.

ఎనిమిదో రోజు చిన్నమ్మ ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది. "నీది పట్టియ్యి బిడ్డా. మీ నాయినను జెర ఖుషీ చేద్దాం."

నాకప్పుడు పదహారేళ్ళు, సైన్సులో క్లాసు ఫస్టు. రోజుకు రెండు జిలేబీలకు ఒప్పుకున్నాను.

నీలం రంగు చూసి నాన్న పొంగిపోయాడు. సూది మందు సగానికి తగ్గించాడు. పద్ధతి ఉంటే మందుతో పనే లేదని వీధిలో చెప్పుకొచ్చాడు. ఆ పద్ధతేమిటో తెలుసుకోవడానికి ఇద్దరు మనుషులు ఇంటికొచ్చారు కూడా. మూడు వారాల్లో చిన్నమ్మ రవికెలు వదులైపోయాయి. కుండెడు నీళ్ళు తాగేది. ఉక్కపోత వల్ల అని నాన్న రాసుకున్నాడు.

ఢిల్లీ సైన్యం సరిహద్దు దాటిందని ఊరంతా రేడియోల చుట్టూ మూగిన వారంలో చిన్నమ్మకు వాంతులు మొదలయ్యాయి. గసపోస్తూ మంచం మీద పడుకుంది. ఊపిరి మాగిన పండు వాసన వేస్తోంది.

"పండ్లు తిన్నవా?" అన్నాడు నాన్న.

"నీళ్ళే కడుపుల ఉంటలేవు బావా, పండ్లేడియి?"

"మరి గీ వాసనేంది?"

సమాధానం కోసం ఆగకుండా ఆమె ట్రంకుపెట్టె తెరిచి చీరల కింద పండ్లు వెతకసాగాడు. అమ్మ చెప్పులేసుకుని వెళ్ళి, పక్క వీధి డాక్టరమ్మను తీసుకొచ్చింది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి మానేసిన పెద్దావిడ.

"పండు కాదు సారూ," అంది డాక్టరమ్మ, చిన్నమ్మ మీదికి వంగి. "చుట్టూ చక్కెరున్నా కణాలకు అందుతలేదు. ఆకలికి కొవ్వును కాల్చుకుంటున్నయి. దాంట్ల పుట్టిన విషం వాసన ఇది. మందెంత ఇస్తున్నరు?"

"సగం. దినాం నీలమే వస్తున్నది గద."

"ఇప్పుడు నా ముంగట చెయ్యండి."

గొట్టం సరిగ్గా కాగకముందే ఇటుక రంగుకు తిరిగింది. నాన్న గొట్టాన్నీ నోటుబుక్కునీ మార్చి మార్చి చూశాడు. అమ్మ నన్ను చూసింది.

"అవన్నీ నావి," అన్నాను.

మూడు వారాలుగా నేను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నానని నాన్న ఎంతో శ్రద్ధగా నిరూపించాడన్నమాట. తిడతాడనుకున్నాను. ఆయన గొట్టం పట్టుకుని పీట మీద కూలబడ్డాడు. మాట లేకుండా ఆయన్ను చూడడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టరమ్మ దగ్గర ఒక్కరోజుకు సరిపడా ఇన్సులిన్ ఉంది. మర్నాటికి సైన్యం సికింద్రాబాదు చేరింది. కొందరు దండలు పట్టుకుని రోడ్డెక్కారు, కొందరు తలుపులు బిగించుకున్నారు. నాన్న డాక్టరమ్మ రాసిన చీటీ జేబులో పెట్టుకుని, నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని తిరుమలగిరి పోయాడు. సైన్యం దిగిన బారకుల గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సిపాయికి ఇంగ్లీషులో కణాల పాఠం మొదలుపెట్టాడు. సిపాయి ఓపికగా విన్నాడు, అర్థం కాకపోవడం వల్ల. చివరికి మిలిటరీ డాక్టరు బయటికొచ్చాడు. అదృష్టంకొద్దీ మద్రాసు వైపు తెలుగాయన.

"మేస్టారూ, ఆ సంగతులు నేనూ చదువుకున్నానండి. ముందు మనిషెలా ఉందో చెప్పండి."

నాన్న జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. "నేనే మందు తగ్గించిన. బతుకుతదా?"

ఆయన లోపలికి వెళ్ళి రెండు సీసాలు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. "బతుకుతుంది లెండి. కొలత మాత్రం డాక్టరమ్మకు వదిలేయండి."

మూడో రోజుకు చిన్నమ్మ లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. నాన్న తల వంచుకుని గంజి గిన్నె అందించాడు.

"కోపంగున్నవా బావా?"

"నీ మీద కాదు."

"నన్నడగక నువ్వు మందు తగ్గించినవ్. నిన్నడగక నేను జిలేబీ తిన్న. ఇద్దరం బరాబర్."

నాన్న నవ్వలేదు గానీ పక్కనే కూర్చున్నాడు.

చిన్నమ్మ ఆ తరవాత ముప్పై ఏళ్ళు బతికింది. పరీక్షా తనే చేసుకునేది, సూదీ తనే వేసుకునేది. జిలేబీ పండగకు ఒకటి, అందరి ముందే. సూది మరిగించి ఇవ్వడం మటుకు నాన్న పని. ఇస్తూ ఆయన ఏదో చెప్పబోతే, "బావా, జెర పక్కకు జరుగు, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్" అనేది.