బొట్టు పెట్టిన ఫిట్టింగు

చేతిలో చాట పక్కన పెట్టి ఇలా నా దగ్గరికి జరగండి. ఒక తెలివైన మేస్త్రీ గారి సంగతి చెబుతాను.

నేను రాయగడ కాపురానికొచ్చిన కొత్తల్లో, డెబ్భైల మాట, మా ఆయన ఒక కంట్రాక్టరు షెడ్డులో ఫిట్టరు. బిస్సమ్ కటక్ రోడ్డు పనులకి రాయి ఎత్తే లోడరు బండి ఒకటి అక్కడ ఉండేది. నూనె ఒత్తిడికి దాని ముందున్న ఇనుప బకెట్టు పైకి లేస్తుంది. ఆ నూనె వెళ్లే రబ్బరు గొట్టం హోసు. దాని కొసన మరలున్న ఇనుప ముక్క ఫిట్టింగు. ఆ మరలు అరిగిపోయి నూనె కారుతోంది. అది ఊడితే బకెట్టు ధడేలున పడుతుంది. రోజూ ఆ బకెట్టు కిందకి దూరి గ్రీజు పెట్టేది మా ఆయనే. ఆయన ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

కొత్త ఫిట్టింగులు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి, పెద్ద మేస్త్రీ గారి బీరువాలో. ఆయన అంతకు ముందు ఊళ్లో కుళాయిలు బిగించేవారు. ప్రపంచంలో ఏది కారినా కాస్త జనపనార, పైన మెత్తడానికి కాస్త సఫేదా అనే తెల్ల రంగు ముద్ద చాలని ఆయన నమ్మకం. నార చుట్టి, సఫేదా మెత్తి, "ఇంక పదేళ్లు కదల్దు" అనేవారు. పది రోజులకి మళ్లీ చుట్టేవారు.

"మేస్త్రీ గారూ, ఆ ముక్క మార్సేద్దుమండి," అన్నాడు మా ఆయన.

"విశ్వకర్మ పూజ వస్తంది. కొత్తయి దేవుడికి సూపించకుండా వాడేస్తావేటి?"

పూజనాడు షెడ్డుకి ఇంటిల్లిపాదినీ పిలుస్తారు. నేనూ వెళ్లాను. కొత్త ఫిట్టింగులన్నీ పసుపూ కుంకుమా పెట్టించుకుని, పెళ్లికూతుళ్లలా పీట మీద కూర్చున్నాయి. అరిగినదేమో ఇంకా లోడరుకే వేలాడుతోంది. మా ఆయన పీట మీద చెయ్యి వేయబోతే మేస్త్రీ గారు పట్టుకున్నారు.

"బొట్టెట్టినదానికి రెంచి తగిలిస్తావేట్రా! కళ్లు పోతాయి!"

పైగా బకెట్టుకి బంతిపూల దండ వేయించి, పైకెత్తించి, దాని కింద అందరికీ ఫొటో అన్నారు. మధ్యలో తనకో కుర్చీ. మా ఆయన అడ్డంగా తాడు కట్టేశాడు.

"నీ పెళ్లానికి దిష్టి తగుల్తాదనేటి, ఈ తాడు?" అంటూ మేస్త్రీ గారు తాడు దాటి కుర్చీ వైపు నడిచారు.

అందరూ నవ్వారు. నార చుట్టిన చోట నూనె బుడగలు కట్టడం నా కంటపడింది. మంచిమాటకి ఆయన ఆగరు. దేనికి ఆగుతారో నాకు తెలుసు.

"అన్నయ్యగారూ, బూందీ ప్రసాదం అయిపోతంది! మీ వాటా ఎవులికిచ్చీమన్నారు?"

గిరుక్కున తిరిగారు. నాలుగడుగులు వేశారో లేదో, ఫట్‌మంది. నూనె ఆయన తెల్లచొక్కా వీపంతా కొట్టింది. బకెట్టు దండతో సహా వెళ్లి కుర్చీలో కూర్చుంది. కుర్చీ పుల్లలైపోయింది.

"విశ్వకర్మే కాపాడేడు," అన్నారు మేస్త్రీ గారు పీట వైపు దణ్ణం పెడుతూ.

"అవునన్నయ్యా, బూందీ రూపంలో వచ్చేడు," అన్నాను.

ఆ మధ్యాహ్నమే మా ఆయన గొట్టం కొస కోసి, బొట్టున్న ఫిట్టింగునే బిగించాడు. ఎవరి కళ్లూ పోలేదు. మేస్త్రీ గారు మాత్రం చొక్కా మరకకి సఫేదా పనిచేస్తుందా అని అడిగారట. నేను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మీ ఇంట కొత్త వస్తువు బీరువాలో ముసలిది కాకుండుగాక. పనికెళ్లినవాళ్లు అన్నం చల్లారకముందే గడపలో అడుగుపెడుదురుగాక.