సారు చెప్పని వాక్యం

మా ఇంగ్లీషు సారు పోయారు. ఆ కబురు పటాన్‌చెరు నుంచి మా ఊరు లక్డారం వచ్చిన బండివాడి నోట విన్నాను. ఆదివారం కావడంతో నేను ఊళ్లోనే ఉన్నాను. నాయన అరుగు మీద కూర్చుని మోటతాడు పేనుతున్నాడు. సంగారెడ్డి ఇంగ్లీషు సారు తెల్లారేసరికి లేడని బండివాడు చెప్పగానే నాయన చేతిలో తాడు ఆగింది. నా వైపు చూడకుండానే అన్నాడు.

"పో. జల్దీ పో. ఈ మన్నుకన్న అందుతవు."

ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే ముందు సారు సంగతి చెప్పాలి. పోయిన గురువును గురించి నాలుగు మంచి మాటలు రాయడం పద్ధతి. మంచి మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. కోపం కూడా ఉంది. దాన్ని దాచి రాస్తే ఆయన చెప్పిన చదువుకే అవమానం.

సంగారెడ్డి బడిలో ఉర్దూ మీడియం పోయి తెలుగు మీడియం వచ్చిన కొత్త రోజులవి. పాత సార్లలో కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఏ భాషలో పాఠం చెప్పాలో తోచక తికమకపడేవారు. మా సారుకు ఆ చిక్కు లేదు. ఇంగ్లీషును ఇంగ్లీషులో, కోపాన్ని ఉర్దూలో, తక్కినదంతా మా తెలుగులో చెప్పేవారు.

ఆయనదొక వింత పద్ధతి. కొత్త మాట నేర్పితే దాని అర్థం రాసుకోనిచ్చేవారు కాదు. ఆ మాటను ఒక రోజు బతికి రావాలి, మర్నాడు క్లాసులో నిలబడి దాన్ని వాక్యంగా చెప్పాలి. "తినకుండ రుచి చెప్పేటోడు అబద్ధాలకోరు" అనేవారు. మాతోపాటు ఆయనా బతికేవారు. 'రిఫ్రెయిన్' నేర్పిన రోజు పాన్ మానేశారు. పాఠం మధ్యలో చెయ్యి షేర్వానీ జేబులోకి పోవడం, ఖాళీగా తిరిగి రావడం, మేము నోళ్లు మూసుకుని నవ్వడం. మర్నాడు పెదాలు ఎర్రగా పండించుకుని వచ్చి చెప్పారు. "నిన్న నాకు నేనే మానుకున్న, గది రిఫ్రెయిన్. మీ ఖాలా నా చెయ్యి పట్టుకుని ఆపితే గది రెస్ట్రెయిన్. రెండో దాంట్ల ఇజ్జత్ లేదు."

ఆ తరువాతే 'విత్‌హోల్డ్' వచ్చింది. మెట్రిక్ ఫలితాల్లో కొన్ని నంబర్ల పక్కన అచ్చయ్యే మాట అది. పాసో ఫెయిలో తెలిసినవాడు ఎక్కడో ఉంటాడు, చెప్పడు. సారు మాత్రం ఇలా విడమరిచారు. "ఇయ్యనవసరం లేనిది ఇయ్యకుంటే తప్పేం లేదు. ఇయ్యాల్సింది, చేతిల ఉండి, ఇయ్యకుంటే గది విత్‌హోల్డ్."

మర్నాడు నేను దూడకు పాలు విడవలేదని చెప్పాను. పటాన్‌చెరు షావుకారు కొడుకు లేచి, వాళ్ల నాయన ఒక ముసలమ్మకు కొసరు విత్‌హోల్డ్ చేశాడన్నాడు.

"కొసరు ఇయ్యాల్సింది కాదు బేటా, దయతోని ఇచ్చేది. నీ వాక్యం చెల్లది" అన్నారు సారు.

"మీరు ఎన్నడన్న కొసరు లేకుండ చింతపండు తీస్కపోయిన్రా సార్? ఆ ముసలమ్మ దుకాణం ముంగట కూసోని ఒకటే తిట్టుడు. ఇయ్యాల్సింది కాకుంటే అంత లొల్లి ఎందుకు చేస్తది?"

సారు కాసేపు గడ్డం గోక్కుని, "చెల్లింది. కూసో" అన్నారు. ఓడిపోతే ఆయనకు ఎక్కడలేని సంతోషం. అప్పుడు మేమంతా కలిసి, "మీదేంది సార్?" అని పట్టుకున్నాం.

"నేను ఎవ్వలకూ ఇయ్యకుండ పెట్టుకున్నది ఏం లేదు. దొరికిన నాడు చెప్త. మీ అందరి కన్న మంచి వాక్యం చెప్త" అన్నారు.

పరీక్షల ముందు ఆయన నన్ను వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. వాకిట్లో నాకోసం వేరే పొయ్యి వేయించారు. నా అన్నం నేను వండుకునేవాణ్ణి, సారు భార్య, మా అందరి ఖాలా, గడపలో నిలబడి ఉప్పు ఎంత వేయాలో చెప్పేది. కిరాయి మాట ఎత్తితే సారు చెవులు మూసుకునేవారు. ఇవాళ పటాన్‌చెరు బడిలో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నానంటే అది ఆ వాకిలి పెట్టిన భిక్ష. అందులో సందేహం లేదు.

పరీక్షలు సగంలో ఉండగా ఒక పొద్దున ఖాలా నా మొహం చూడకుండా తల మీద చెయ్యి పెట్టి, "జల్దీ పో బేటా" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అనుకున్నాను.

చివరి పరీక్ష రాసి బయటికి వస్తే గేటు దగ్గర సారు నిలబడి ఉన్నారు. ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా పటాన్‌చెరు బస్సెక్కించారు. దారిలో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పారు.

"అమ్మ లేదు బేటా. జ్వరమొచ్చి పోయింది. మీ ఊరి నుంచి మనిషొచ్చిండు. నేనే తోలిచ్చిన, పరీక్షలు అయినంక వస్తడు అని చెప్పిచ్చిన. నీకు చెప్పలే. ఏడాదంత చదివిన చదువు మన్ను గావొద్దనుకున్న."

మాలో కాల్చరు, పూడుస్తారు. పెద్దకొడుకు మొదటి పిడికెడు మన్ను వేస్తేనే తక్కినవాళ్లు వేయాలి. మా అమ్మకు చిన్నాయన కొడుకు వేశాడు. సారువాళ్లలోనూ మట్టి ఇస్తారు, దాని విలువ ఆయనకు తెలియదనడానికి లేదు. అయినా దాన్ని నేను క్షమించగలిగేవాణ్ణే. నా మేలు కోరి చేశారు. నన్ను నట్టేట ముంచింది ఆ తరువాత జరిగింది.

పటాన్‌చెరులో బండి మాట్లాడుకుని ఇంటి ముందు దిగితే, నాయన అరుగు మీది నుంచి లేవలేదు.

"పరీక్షలు అయిపాయెనా?" అన్నాడు.

నేను సారు వైపు చూశాను. ఒక్క మాట చాలు. నేనే ఆపిన, పిల్లగానికి తెల్వదు అంటే చాలు. ఆయన టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. ఎవరో నీళ్లిస్తే తాగారు. నాయనకు సలాం చేసి వెళ్లిపోయారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆయన మాట పెదవి దాటనే లేదు.

పరీక్షలు అయ్యాక వస్తాడని మనిషి తెచ్చిన కబురు నేను పంపిందే అనుకున్న నాయన, తరువాత ఎన్ని విధాల చెప్పుకున్నా నమ్మలేదు. "సారు మీదెందుకు పెడ్తవ్? నీ పక్కనే నిలవడె గద. గట్లుంటే ఒక్క మాటన్న అనకపాయెనా?" అన్నాడు. తల్లి చచ్చిపోయినా పరీక్ష విడవని కొడుకునని ఊరంతా అనుకుంది. అమ్మ సంవత్సరీకానికి దీపం పెట్టమని నాయన ఇప్పటికీ చిన్నాయన కొడుకునే పిలుస్తాడు. నేను ముందుకు కదిలితే, "నీకు పరీక్ష లేదా ఇయ్యాల?" అంటాడు.

సంగారెడ్డి వెళ్లినప్పుడల్లా సారును అడిగాను. లక్డారం ఒక్కసారి రండి, ఆ మాట చెప్పి వెళ్లండి అని.

"చెప్త బేటా. మీ నాయన కోపం జెర సల్లారనీ" అనేవారు. చాయ్ తెప్పించేవారు. కొత్త పుస్తకం ఇచ్చేవారు.

ఆయన ఎందుకు ఆగారో నాకు తెలియకపోలేదు. నిజాం మీద పోలీసు యాక్షన్ జరిగి ఇంకా ఎన్నో ఏళ్లు గడవని రోజులవి. ఏడుస్తున్న ఊరి నడుమ పరాయి ఊరివాడు, పరాయి మతంవాడు నిలబడి, తల్లి మట్టికి కొడుకును రానీయనిది నేనే అని చెప్పుకోవడం తేలిక కాదు. ఆయన భయపడ్డారు. ఆ రోజు భయపడ్డారంటే ఒప్పుకుంటాను. ఇన్నేళ్లూ భయపడ్డారంటే ఒప్పుకోలేను. ఆ భయానికి వెల నేను కట్టాను, మా నాయన కట్టాడు.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి జనాజా, ఆయన పాడె, ఇంకా లేవలేదు. పరదా వెనుక నుంచి ఖాలా నా గొంతు గుర్తుపట్టింది.

"లక్డారం పోవాలె, లక్డారం పోవాలె అని అంటనే ఉండె బేటా. రాత్రి గూడ అన్నడు" అంది.

ఊ అన్నాను.

ఖబ్రస్తాన్‌లో అందరూ ఒంగి మట్టి ఇచ్చి పక్కకు తప్పుకుంటున్నారు. షావుకారు కొడుకు కూడా వచ్చాడు, ఏడుస్తూ ఇచ్చాడు. నేనూ ఒంగి పిడికెడు తీసుకున్నాను. మన్ను చల్లగా, కొంచెం తడిగా ఉంది. నా వాక్యం నేను చెప్పాను సార్, మీదేదీ అని లోపలే అడిగాను. చెయ్యి గుంత మీదికి చాచాను. వేళ్లు విడలేదు.

అందరూ ఇచ్చేశారు. గోరీ తవ్విన ముసలాయన పార ఆనించుకుని నా పిడికిలి వైపే చూస్తున్నాడు.

"జెర జల్దీ కానీ సాబ్. నీదొక్కటే ఉన్నది" అన్నాడు.