ఇంగ్రెస్, ఈగ్రెస్, రీగ్రెస్

మా నాయన మెదక్‌లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట టైపు మిషను పెట్టుకుని దస్తావేజులు రాసేవాడు. ఊళ్ళ నుంచి వచ్చే రైతులు చాలామంది ఇంగ్లీషులోనే రాయమనేవాళ్ళు. తమకు అర్థం కాని కాగితాన్ని ఎదుటివాడు కూడా మార్చలేడని వాళ్ళ నమ్మకం.

నాయనకు ఆ నమ్మకం నచ్చేది కాదు. అర్థం చెప్పకుండా వేలిముద్ర వేయించేవాడు కాదు. ఒక్కో మాటా వివరించి, అమ్మేవాడి చేతా కొనేవాడి చేతా తిరిగి చెప్పించేవాడు. ఒకరు తప్పు చెబితే ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. పక్క టేబుళ్ళ వాళ్ళు "పంతులు బడి పెట్టిండు" అని నవ్వేవాళ్ళు.

ఆయన మాటలన్నీ పాతవి. మెస్వేజ్ అంటే ఇల్లొక్కటే కాదు, దొడ్డి, కొట్టం, పెరడు కలిపి. చాటెల్స్ అంటే ఇంట్లోని కదిలే ఆస్తి. చాటెల్, క్యాటిల్ ఒకే వేరు నుంచి వచ్చాయి, ఒకప్పుడు పశువులే ఆస్తి కనుక. 'గూడ్స్ అండ్ చాటెల్స్' అంటే మన గొడ్డూ గోదా లాంటిదే అనేవాడు. ఇంగ్లండు కోర్టుల్లో చాలాకాలం ఫ్రెంచి నడిచిందని, అందుకే ఒకే వస్తువుకు రెండు భాషల మాటలు పక్కపక్కన చేరాయని చెప్పేవాడు. ఉర్దూ మాటలు కలిసిన కాగితాలు చూసి పెరిగిన మా ఊరివాళ్ళకు ఇది వింతగా తోచేది కాదు.

నేను ఇంగ్లీషు ఎమ్మే చదివేటప్పుడు ఆయన చిత్తు ప్రతి ఒకటి దిద్దాను. పొలం దారి గురించి 'ఇంగ్రెస్, ఈగ్రెస్ అండ్ రీగ్రెస్' అని ఉంది.

"'రైట్ ఆఫ్ వే' అంటే సరిపోదా నాయినా? ఈ మూడూ ఎవరు వాడుతున్నరిప్పుడు?"

"లోపలికి పోవుడు, బయటికి వచ్చుడు, మళ్ల పోవుడు. మూడోది రాయకుంటే ఒక్కసారి పోనిచ్చి కంచె ఏస్తరు బిడ్డా."

నేను కొట్టేసిన మూడు మాటలను ఆయన మళ్ళీ టైపు చేశాడు.

నాయన పోయిన మూడో నెలలో ఎల్దుర్తి దిక్కు నుంచి ఒక పెద్దామె వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో ఆయన రాసిన దస్తావేజు ఉంది. ఆమెకు పొలం అమ్మినాయన కొడుకు దారికి అడ్డంగా రాతి కడీలు పాతాడు.

"వరి కోతకొచ్చింది బిడ్డా. మిషిన్ పోకుంటే గింజ రాలిపోతది. దారి రాసున్నది, నాతోని చెప్పించిండు మీ నాయిన. వాడేమో లేదంటుండు. నువ్వు చదివి చెప్పరాదు?"

రాసి ఉంది. మూడు మాటలూ ఉన్నాయి, వెంబడి 'పశువులతో, బండ్లతో, నాగళ్ళతో' అని కూడా. కాలేజీకి సెలవు పెట్టి ఆమెతో వెళ్ళాను.

అమ్మినాయన ఇంట్లో కొడుకు కాగితం చూసి తిరిగి ఇచ్చాడు. "మేడమ్, గిది ఎప్పటి ఇంగ్లీషో. గిప్పుడు చెల్లదు. చెల్లినా బండ్లని ఉన్నది, కోత మిషినని ఉన్నదా?"

వసారాలో మంచం మీద అతని తండ్రి కూర్చుని ఉన్నాడు. పొలం అమ్మింది ఆయనే. చెవులు సరిగా వినపడవు. దగ్గరికి వెళ్ళి ఆ వాక్యాన్ని గట్టిగా చదివాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. మూడు మాటలూ అయ్యేసరికి తలెత్తాడు.

"లోపలికి పోవుడు. బయటికి వచ్చుడు. మళ్ల పోవుడు" అన్నాడు. "మూడోది మరిచిపోయిన. మళ్ల మొదటికెల్లి చెప్పించిండు, బళ్లె పిలగాని లెక్క. నాతోని ఈమెక్కూడ తిప్పలే."

"నీ పాడుగాను, నీ వల్ల బస్సు పోయింది ఆ దినం" అంది పెద్దామె.

కొడుకు "మిషిన్ సంగతేంది మరి?" అన్నాడు.

"ఎడ్లు లేని బండి గాదారా అది? కడీలు తియ్. అర్థం చెప్పి ఏలుముద్ర ఏసిన నేను."

కొడుకు గడ్డపార తెచ్చుకున్నాడు.

ముసలాయన నన్ను అడిగాడు, "నువ్వు ఆ టైపు పంతులు బిడ్డవా?"

అవునన్నాను. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. నేను చెప్పిన ఒక్క మాటకు అర్థం ఎవరైనా ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకున్నారో లేదో తెలియదు. నాయన చెప్పింది ఇద్దరు గుర్తుపెట్టుకున్నారు. వాళ్ళలో ఒకరికి ఆ మాట నష్టం కూడా.

నాలుగు రోజులకు పెద్దామె ఫోన్ చేసింది. మిషిన్ లోపలికి పోయిందట, బయటికి వచ్చిందట.

"మూడోది?" అని అడిగాను.

"యాసంగి కోతకు" అంది.