చెరిపిన చుక్క

నాకు తోడబుట్టకపోయినా అక్క అయిన మనిషి ఒకావిడ ఉంది. వాళ్ళ ఆఫీసులో ఆమెని 'చెత్తబుట్ట అక్క' అంటారు. పిలిచేవాళ్ళు ముద్దుగానే పిలుస్తారు, ఆమె కూడా నవ్వుతూ పలుకుతుంది. మధ్యలో నాకే ఒళ్ళు మండుతుంది.

ఉపగ్రహం తీసిన భూమి ఫొటోల్ని శుభ్రం చేయడం ఆమె పని. ఆ కెమెరాలో వేలకొద్దీ చిన్న చిన్న కళ్ళు వరసగా ఉంటాయట. అన్నీ ఒకేలా చూడవు. ఒకదానికి మసక, ఇంకోదానికి వెలుగెక్కువ. దాంతో ఫొటో నిండా చారలు, అక్కడక్కడా తప్పుడు చుక్కలు. కంప్యూటరు చారల్ని సరిచేసి, చుట్టుపక్కలవాటితో పొసగని చుక్కని పక్కరంగుతో కప్పేస్తుంది. ఫొటో కడిగిన ముత్యంలా వస్తుంది. మిగతావాళ్ళకి అక్కడితో పని అయిపోతుంది. ఈవిడకి అవ్వదు. కడగని ఫొటోలోంచి కడిగినదాన్ని తీసివేసి, చెరిపిందేమిటో విడిగా తెర మీద వేసుకుని చూస్తుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరే చెత్తబుట్ట.

"ఇల్లు ఊడ్చి, మళ్ళీ చేటలో వెతుకుతోందర్రా!" అని పక్క బల్లాయన వేళాకోళం.

నేను పడవ నడిపే సరంగుని. ఒకసారి నడిసముద్రంలో ఇంజను మొరాయించింది, రేడియో మూగబోయింది. పడవలో నేనూ, పిల్లనిచ్చిన మామగారూ. పడవ ఆయనదే. నోరు తెరిస్తే తిట్లే. తాగే నీళ్ళు అడుగంటాక ఆయన తిట్టడం మానేశాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఒడ్డున మాకోసం వెతికేవాళ్ళు ఫొటోలు అడిగితే, అక్క శుభ్రం చేసి పంపింది. వాటిని చూసి, దక్షిణం వైపు సముద్రం ఖాళీ అని తేల్చేసి, ఓడల్ని ఉత్తరానికి మళ్ళించబోయారు. మేమున్నది దక్షిణాన.

పంపాక కూడా అక్క అలవాటు మానలేదు. చెత్తబుట్ట తెరిచింది. నిలువు చారల మధ్య ఒక తెల్ల చుక్క.

"కన్ను పాడైతే గీత పొడుగునా పాడవ్వాలి కదా! ఇదేంటి, ఒక్కచోటే?" అంది.

"నీళ్ళ మీద ఎండ మెరుపులే అక్కా, వదిలెయ్," అన్నాడు పక్క బల్లాయన.

ఆమె వదల్లేదు. ఆ కెమెరా ఒక్కో రంగునీ వేరే కళ్ళతో, క్షణం తేడాతో చూస్తుందట. మెరుపైతే ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో మాయమవ్వాలి. చుక్క అన్ని రంగుల్లోనూ ఉంది.

"అయ్యో, నేను చెరిపింది పడవని!" అంటూ ఫోను అందుకుందట. ఆ చుక్క మామగారు పడవ కప్పు మీద పరిచిన తెల్ల టార్పాలిన్. ఓడ మా దగ్గరికి వచ్చింది. ఆవిడ అనుమానానికి నేను ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

కోలుకున్నాక ఇద్దరం వెళ్ళి కలిశాం. ఆమె ముందు శుభ్రమైన ఫొటో చూపించింది. నీలం సముద్రం తప్ప ఏమీ లేదు.

"మొదట పంపింది ఇదే, బాబాయ్. మిమ్మల్ని చేతులారా చెరిపేశాను," అని తల దించుకుంది.

మామగారు ఆ ఖాళీ నీలాన్ని చాలాసేపు చూశాడు.

"ఊరుకో తల్లీ. ఆ రోజు మమ్మల్ని మేమే చెరిపేసుకున్నాం. నువ్వే ఒప్పుకోలేదు," అన్నాడు.

వచ్చేటప్పుడు ఒక ఫొటో అడిగాడు. చుక్క ఉన్నది ఇవ్వబోతే వద్దన్నాడు.

"మేం లేనిది ఇవ్వమ్మా. నువ్వేం చేశావో మా అమ్మాయికి అది చూస్తేనే తెలుస్తుంది."